ఒక్క మెతుకుతో దేశాన్ని చూడటం

ఈ వ్యాసానికి కారణం ఒక ఉత్తరం. రాసినావిడ అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చారు. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు అక్కడి ఇరుగుపొరుగు ముచ్చట్లే. అసలు ప్రశ్న చివర్లో ఉంది: "అధ్యక్షుడు మారినప్పుడల్లా ఆ దేశం మీద మన అభిప్రాయం ఎందుకు మారిపోతుంది? మా అబ్బాయి ఉండే వీధిలో మనుషులు వాళ్లే కదా!"

ప్రశ్న చదవగానే నాకు అన్నం గిన్నె గుర్తొచ్చింది. నాయకుడికి ఉండాల్సిన లక్షణాలు, వాటి వర్గీకరణలు, పట్టికలు వంటి వాటి జోలికి వెళ్లను. అవి నాకు ఎప్పుడూ నిద్రే తెప్పించాయి. గిన్నె సంగతే చెప్తాను.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెలోని అన్నమంతా పిసికి చూడనక్కర్లేదు, ఒక్క మెతుకు చాలు. ఈ మాట సామెతగా అరిగిపోవడం వల్ల దాని వెనక ఎంత గణాంకశాస్త్రం ఉందో ఎవరూ పట్టించుకోరు. మాకు శాంపిలింగ్ (కొద్ది నమూనా చూసి మొత్తాన్ని అంచనా వేయడం) పాఠాన్ని రంగురంగుల గోళీలున్న సంచితో మొదలుపెట్టారు. అలాంటి సంచి ఎవరింట్లో ఉంటుంది? అన్నం గిన్నె అందరిళ్లలోనూ ఉంది. దాన్ని వదిలేసి గోళీలు లెక్కపెట్టించారు.

ఒక మెతుకు గిన్నెంతటికీ సాక్ష్యం ఎలా చెప్పగలుగుతుంది? దీనికి మొదటి షరతు, గింజలన్నీ ఒక్కలాంటివై ఉండాలి. పాత బియ్యంలో కొత్త బియ్యం కలిపి వండి చూడండి. కొత్తవి ముద్దయ్యేసరికి పాతవి ఇంకా పలుకుగానే ఉంటాయి. బియ్యంలోని పిండిపదార్థం, రకాన్నిబట్టి, సుమారు 55 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య నీరు పీల్చి ఉబ్బుతుంది. రకం మారితే ఆ హద్దు మారుతుంది, ఒక రకం మెతుకు ఇంకో రకం గురించి ఏమీ చెప్పదు. రెండోది మరిగే ఎసరు. అడుగున వేడెక్కిన నీరు పైకి లేచి, పైనున్నది కిందికి దిగి, గింజలను గిన్నెంతా తిప్పుతుంది. అందరికీ ఒకే వేడి, ఒకే నీరు. అందుకే గంజి వార్చే అన్నంలో ఈ పరీక్ష బాగా పనిచేస్తుంది. అత్తెసరు పెట్టి చూడండి: నీరు ఇంకిపోయాక గింజలు ఉన్నచోటే కుదురుకుంటాయి, పై మెతుకు పలుకుగా తగులుతుండగానే అడుగు నుంచి మాడు వాసన వస్తుంది. ఇక మూడో షరతు అందరం మరిచిపోయేది. గరిటెకు ఏ మెతుకు వస్తే దాన్నే పట్టి చూస్తాం, ఏరి తీయం.

ఇప్పుడు దేశాన్ని గిన్నె అనుకోండి, నాయకుడిని మెతుకు అనుకోండి. గింజలు ఒక రకం కావు. వాటిని కలియతిప్పే ఎసరు లేదు. మెతుకు చేతికి అనుకోకుండా వచ్చిందీ కాదు, ఏరి తీసినది. పైగా తననే తీయమని నెలల తరబడి ప్రచారం చేసుకున్నది! 2016లో డొనాల్డ్ ట్రంప్‌కు పోలైన ఓట్లలో 46 శాతం వచ్చాయి, ఓడిపోయిన హిల్లరీ క్లింటన్‌కు 48 శాతం. ఓటు హక్కున్నవారిలో ఓటు వేసింది దాదాపు 60 శాతం. రెండూ గుణిస్తే 28 శాతం లోపే తేలుతుంది. అంటే నాలుగోవంతుకు కాస్త ఎక్కువమంది ఏరిన మెతుకు అది. దాన్ని పట్టుకుని ప్రపంచం గిన్నెంతా ఉడికిందనో ఉడకలేదనో తీర్పు చెప్పింది.

మనకు ఈ తేడా తెలియక కాదు. 1983లో మనస్తత్వవేత్త రిచర్డ్ నిస్బెట్, ఆయన సహచరులు ఒక సరదా ప్రయోగం ప్రచురించారు. ఎక్కడో పసిఫిక్ సముద్రంలో అంతగా తెలియని దీవికి వెళ్లారనుకోమన్నారు. అక్కడ ఫ్లోరిడియం అనే కొత్త మూలకం దొరికింది, ఒక ముక్కలో విద్యుత్తు ప్రవహించింది. మిగతా ముక్కల సంగతి? అన్నింటిలోనూ ప్రవహిస్తుందని దాదాపు అందరూ ఒక్క ముక్కతోనే తేల్చేశారు. అదే దీవిలో ఒక తెగవాడు కనిపించాడు, బాగా లావుగా ఉన్నాడు. తెగంతా లావేనా? ఇక్కడ మాత్రం వెనకాడారు. ఒక్కరికి బదులు ఇరవైమంది లావుపాటివాళ్లు కనిపించారని చెప్పినా లోహానికి ఇచ్చినంత నమ్మకం ఇవ్వలేదు. అదే తెగవాడి ఒంటి రంగు గురించి అడిగితే మాత్రం ఒక్కడు చాలన్నారు. ఏ గుణం గిన్నెంతా ఒకేలా ఉంటుందో, ఏది మనిషికో తీరుగా ఉంటుందో మన బుర్ర గింజలవారీగా లెక్కగడుతుందన్నమాట. ఈ ప్రయోగం గురించి చదివిన రోజు నాకు మనిషి మీద గౌరవం పెరిగింది.

ఆ గౌరవం మూడేళ్లు వెనక్కి వెళితే తగ్గుతుంది. 1980లో రూత్ హామిల్, తిమొతీ విల్సన్, ఇదే నిస్బెట్ కలిసి జైలు కాపలాదారుడితో ఇంటర్వ్యూ అంటూ ఒక వీడియో చూపించారు. కొందరికి దయగల కాపలాదారుడు, కొందరికి కర్కోటకుడు. కొందరికి ముందే స్పష్టంగా చెప్పారు, ఇతను మిగతావారిలాంటివాడు కాడని. తర్వాత కాపలాదారులందరి గురించి అడిగితే, ఆ హెచ్చరిక విన్నవాళ్లు కూడా చూసిన ఒక్కడివైపే మొగ్గారు. మెతుకు వేరే గిన్నెదని చెప్పి మరీ చేతిలో పెట్టినా, గిన్నె మీదే తీర్పిచ్చారు.

నెల్సన్ మండేలా విషయంలో జరిగింది అచ్చంగా ఇదే. 27 ఏళ్లు జైల్లో ఉండి 1990 ఫిబ్రవరి 11న బయటికొచ్చిన మనిషి పగ తీర్చుకోలేదు. 1995 జూన్ 24న జొహానెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్క్ మైదానంలో, నల్లజాతివారు అంతవరకు తమను అణచినవారి గుర్తుగా చూసిన స్ప్రింగ్‌బాక్ (దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు) చొక్కా వేసుకుని, తెల్లజాతి కెప్టెన్ ఫ్రాన్స్వా పీనార్ చేతికి రగ్బీ ప్రపంచ కప్పు అందించాడు. ఆ చొక్కా వీపు మీద ఉన్నది పీనార్ అంకె, 6. మండేలా సామాన్యుడు కాడని చూసిన ప్రతివారికీ తెలుసు. అలాంటివాడు కోటికొకడని అన్నవాళ్లే, అదే ఊపిరిలో దక్షిణాఫ్రికాను క్షమాగుణానికి మారుపేరుగా చెప్పుకున్నారు. కోటికొకడైతే మిగతా కోటిమంది గురించి అతను ఏం చెబుతాడు? ఈ లెక్క ఎవరికీ అడ్డురాలేదు.

మెతుకు గుణం గిన్నెకు ఎంత అంటుతుంది? దీన్ని కొలవడానికి అమెరికా మంచి ప్రయోగశాల, ఎందుకంటే అక్కడి అధ్యక్షుడు ఒక్క రోజులో మారతాడు, దేశం మారదు. అభిప్రాయ సేకరణలు చేసే ప్యూ రిసెర్చ్ సెంటర్ ఏళ్ల తరబడి పలు దేశాల్లో రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతోంది: అమెరికా అధ్యక్షుడి మీద నమ్మకముందా? అమెరికా మీద సదభిప్రాయముందా? 2008లో జార్జ్ బుష్‌ను నమ్మినవారు ఫ్రాన్స్‌లో 13 శాతం. మరుసటి ఏడాది బరాక్ ఒబామాను నమ్మినవారు 91 శాతం. అమెరికా మీద సదభిప్రాయం 42 నుంచి 75కు చేరింది. జర్మనీలో నమ్మకం 14 నుంచి 93కు, దేశం మీద అభిప్రాయం 31 నుంచి 64కు. లెక్క వేయండి: ఫ్రాన్స్‌లో నాయకుడు 78 పాయింట్లు లేస్తే దేశం 33 లేచింది. జర్మనీలో 79కి 33. రెండుచోట్లా నిష్పత్తి 0.42.

ఈ నిష్పత్తి నాకు పిచ్చి పట్టించింది, మరికొన్ని లెక్కలు తీశాను. 2017లో ఒబామా పోయి ట్రంప్ వచ్చాక 37 దేశాల మధ్యగత విలువ చూస్తే అధ్యక్షుడి మీద నమ్మకం 64 నుంచి 22కు కూలింది. దేశం మీద సదభిప్రాయం 64 నుంచి 49కి మాత్రమే దిగింది. 42కి 15, అంటే 0.36. 2021లో జో బైడెన్ వచ్చాక 12 దేశాల్లో 17 నుంచి 75కు, 34 నుంచి 62కు. 58కి 28, అంటే 0.48. పైకైనా కిందికైనా, మెతుకు మీది తీర్పులో మూడోవంతు నుంచి సగం దాకా గిన్నెకు బదిలీ అవుతోంది. దీన్ని ప్రకృతి నియమం అనుకోకండి, మోటు లెక్క ఇది. మెక్సికోలో 2017లో నాయకుడు 44 పాయింట్లు పడితే దేశం కూడా 36 పడింది, నిష్పత్తి 0.8 దాటింది. గోడ కడతానన్నది వాళ్ల సరిహద్దు మీదే మరి. రష్యాలో మాత్రం చాలా దేశాలకు భిన్నంగా అధ్యక్షుడి మీద నమ్మకం 11 నుంచి 53కు ఎగబాకింది.

ఇదంతా విధానాల ప్రభావమే, స్వభావానిది కాదు అంటారా? 2017 విషయంలో అది కొంత ఒప్పుకుంటాను. 2009లో మాత్రం ఆ సర్వే నాటికి ఒబామా పదవిలోకొచ్చి అయిదారు నెలలు కాలేదు. ఇరాక్‌లో అమెరికా సైనికులు అక్కడే ఉన్నారు, చివరివాళ్లు తిరిగొచ్చింది 2011 డిసెంబరులో. అఫ్గానిస్తాన్‌కు ఇంకా ఎక్కువమందిని పంపుతున్నారు. ఆ అక్టోబరులోనే ఆయనకు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. దానికి పేర్లు పంపే గడువు ఆ ఏడాది ఫిబ్రవరి 1, ఆయన ప్రమాణం చేసింది జనవరి 20. గిన్నెలో ఎసరు కూడా మారకముందే, మెతుకు మారిందని అన్నం బాగుందన్నారు.

మరి మన సొంత గిన్నె విషయంలో ఇలా చేయమెందుకు? 1980లోనే జార్జ్ క్వాట్రోన్, ఎడ్వర్డ్ జోన్స్ ప్రిన్స్‌టన్, రట్గర్స్ విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఒక్క విద్యార్థి ఎంపికను చూపించారు. ఆ కుర్రాడు అవతలి విశ్వవిద్యాలయం వాడని చెబితే, అక్కడివాళ్లంతా అలాగే చేస్తారన్న అంచనా పెరిగింది. మనవాడే అని చెబితే అంత పెరగలేదు. మన గిన్నెలో పాత బియ్యం, కొత్త బియ్యం, రాళ్లు, వడ్లగింజలు అన్నీ మనం కళ్లారా చూశాం. పక్కింటి గిన్నె మీద మూత ఉంటుంది.

అందుకే గిన్నె గురించి ముందే ఏం తెలుసన్నది ముఖ్యం. ఇదివరకే n మెతుకులు చూసిన మనిషికి కొత్త మెతుకు బరువు 1/(n+1). పది తెలిస్తే పదకొండో వంతు, ఏమీ తెలియకపోతే మొత్తం బరువు దానిదే. నా వయసువారికి ఉగాండా అనగానే ఇదీ అమీన్ తప్ప మరో ముఖం గుర్తురాదు. 1971 జనవరి 25న సైనిక తిరుగుబాటుతో వచ్చాడు, ఒక్కరూ ఓటు వేయలేదు. 1972లో ఆసియా మూలాలవారికి 90 రోజుల గడువిచ్చి తరిమేశాడు. 1979లో పారిపోయి, 2003లో సౌదీ అరేబియాలో చనిపోయాడు. ఆ దేశం నుంచి మనకు చేరిన మెతుకు అదొక్కటే కావడంతో n సున్నా.

టీవీ దీన్ని ఇంకా పాడుచేస్తుంది. ఒకే నాయకుడిని వందసార్లు చూస్తే వంద మెతుకులు చూసినట్లు అనిపిస్తుంది. గణాంకశాస్త్రంలో దీనికి ఒక సూత్రముంది: నమూనాల మధ్య పోలిక r అయితే n నమూనాల అసలు విలువ n/(1+(n−1)r). n వంద, r 0.9 వేసి చూడండి. వందను 90.1తో భాగిస్తే 1.11. వంద వార్తలు చూశాక మీ దగ్గరున్నది ఒక మెతుకు, ఇంకో మెతుకులో ముక్క. నాకు ఈ సూత్రాన్ని ప్రతి టీవీ తెర కింద స్టిక్కరుగా అంటించాలని ఉంది.

మెతుకుకు మెరుపు లేకపోతే ఇదంతా తిరగబడుతుంది కూడా. 1991 జూన్‌లో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి విదేశీ మారకద్రవ్యం అడుగంటింది, జులైలో సుమారు 47 టన్నుల బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టాల్సివచ్చింది. ఆ దశాబ్దంలో ప్రపంచం దృష్టిలో భారత్ ఆర్థిక రూపురేఖలే మారిపోయాయి. కానీ ఆ మార్పుకు బయటివాళ్లెవరూ ఆయన ముఖాన్ని జోడించలేదు. మాట పొదుపు, నవ్వు అంతకన్నా పొదుపు. పదిహేడు భాషలు వచ్చిన మౌని అని మనవాళ్లు మురిసిపోవడమే తప్ప, కెమెరాకు అందే మెతుకు కాదాయన.

రాజు మంచివాడైతే నెలకు మూడు వానలు పడతాయన్న నమ్మకం కూడా ఈ గిన్నెలోదే. ఫలానా నాయకుడు వస్తే కరువు, ఫలానా ఆయన వస్తే వానలు అని మన ఎన్నికల్లో ఎంత గట్టిగా చెప్పుకున్నారో గుర్తుంది కదా. దేశవ్యాప్తంగా నైరుతి వర్షాలు 2002లో 19 శాతం, 2009లో 22 శాతం లోటు పడ్డాయి. రెండూ ఎల్ నినో ఏళ్లు, అంటే పసిఫిక్ సముద్రపు నీరు మామూలుకన్నా వేడెక్కిన ఏళ్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ రెండేళ్లూ రెండు ప్రత్యర్థి పార్టీల హయాంలో గడిచాయి. పసిఫిక్ సముద్రపు నీటికి మన పోలింగ్ బూత్ ఎక్కడుందో తెలియదు.

యథా రాజా తథా ప్రజా అన్నదాంట్లో మాత్రం కొంత నిజముంది. లియొనార్డో బర్స్‌టిన్ బృందం 2016 ఎన్నికల రోజుల్లో చేసిన ప్రయోగంలో, ట్రంప్ తమ రాష్ట్రంలో గెలవడం ఖాయమని తెలిశాక, వలసదారులను వ్యతిరేకించే సంస్థకు బహిరంగంగా విరాళమివ్వడానికి జనం అంతకుముందులా జంకలేదు. చాటుగా ఇచ్చే సుముఖతలో మార్పు రాలేదు. గింజ లోపల ఉడుకు అంతే ఉంది, మూత తీసే ధైర్యం వచ్చింది.

ఇక ఆ ఉత్తరం. దానిలోని మనుషులను లెక్కపెట్టాను. మంచు తవ్వి దారి చేసిపెట్టిన ఎదురింటి ముసలాయన, గ్రంథాలయంలో కార్డు ఇప్పించిన అమ్మాయి, కూరల అంగడిలో గోంగూరను వింతగా చూసి పేరు అడిగి రాసుకున్న ఇద్దరు, బస్సు ఆపి ఎక్కించుకున్న డ్రైవరు, పార్కులో రోజూ పలకరించే కుక్కల యజమానులు. మొత్తం పదకొండు మంది. 1/12 దగ్గర నా పెన్ను ఆగింది. పదకొండో ఆయన, కొడుకు కారుకు జరిమానా వేసిన పోలీసు. నిష్కారణంగా కసిరాడట. ఆయన గురించి ఆవిడ రాసింది ఒక్క వాక్యమే: "పాపం, ఆ రోజు ఇంట్లో ఏదో గొడవ అయ్యుంటుంది."