పెట్టె దొరకకపోయినా కొలతలు దక్కాయి: మోల్చనోవ్ రేడియోసోండ్ నేపథ్యం

1920ల నాటికి పై గాలిని కొలవడం కొత్తేమీ కాదు. గాలిపటానికో హైడ్రోజన్ బెలూన్‌కో మెటియోరోగ్రాఫ్ కట్టి పంపేవారు. ఉష్ణోగ్రత, పీడనం, తేమలను అది తనలోనే గీతలుగా గీసుకునేది. బెలూన్ పగిలాక ఆ పెట్టె ఎక్కడో పడాలి, ఎవరికో దొరకాలి, వాళ్లు తెచ్చివ్వాలి. అది ఆర్కిటిక్‌లో పడితే ఇక అంతే సంగతులు. దొరికినా ఆలస్యంగా అందే లెక్కలతో రేపటి వాతావరణం చెప్పలేం.

ఈ చిక్కు విప్పినవారిలో సోవియట్ వాతావరణ శాస్త్రవేత్త పావెల్ మోల్చనోవ్ (1893–1941) ముఖ్యులు. 1930 జనవరి 30న, లెనిన్‌గ్రాడ్ దగ్గరి పావ్లోవ్‌స్క్ అబ్జర్వేటరీ నుంచి ఆయన వదిలిన బెలూన్ పైకి వెళ్తూనే కొలతలను రేడియోలో పంపింది. ఇలా బెలూన్‌కు కట్టి పంపే, కొలతలను రేడియోలో చెప్పే పరికరమే రేడియోసోండ్. ఫ్రాన్స్‌లో రోబేర్ బ్యూరో 1929లోనే ఇలాంటి ప్రయోగం చేశారు కాబట్టి ‘మొట్టమొదటి’ అన్న మాట దగ్గర జాగ్రత్త అవసరం. మోల్చనోవ్ బలం వేరే చోట ఉంది. ఆయన పరికరంలో సెన్సర్ల ముల్లులు దువ్వెన పళ్లలాంటి లోహపు కాంటాక్టుల మీద జరిగేవి. పైకి లేచేటప్పుడు తగిలే గాలికి చిన్న ఫ్యాన్ తిరిగి, ముల్లు ఏ పన్ను మీదుందో దాన్నిబట్టి మోర్స్ తరహా సంకేతాలు వెళ్లేవి. కింద హెడ్‌ఫోన్ పెట్టుకుని రాసుకుంటే చాలు. లోపమూ అక్కడే: రెండు పళ్ల మధ్య విలువ తెలియదు. తేమ కొలిచే వెంట్రుక చలిలో మందగిస్తుంది.

1931 జులైలో ‘గ్రాఫ్ జెప్పెలిన్’ అనే జర్మన్ ఎయిర్‌షిప్ (వాయునౌక) ఆర్కిటిక్ యాత్రకు మోల్చనోవ్ కూడా వెళ్లారు. శాస్త్ర బృందానికి నాయకుడు రుడోల్ఫ్ సమోయిలోవిచ్, నౌక కమాండర్ హ్యూగో ఎకెనర్. ఎయిర్‌షిప్ అడుగు నుంచి బెలూన్ వదిలితే అది నేరుగా పైకి లేచి నౌకకే తగులుతుంది. అందుకని బెలూన్‌కు బరువు కట్టి ముందు కిందికి జారనిచ్చారు. నౌక ముందుకు సాగిపోయాక బరువు దానంతటదే ఊడేలా అమర్చారు. ఆపైన బెలూన్ అడ్డు లేకుండా లేచేది.

సమోయిలోవిచ్‌ను 1939లో కాల్చిచంపారు. మోల్చనోవ్ 1941లో అరెస్టై, ఆ ఏడాదే అక్టోబరులో నిర్బంధంలోనే చనిపోయారు.

దువ్వెన పరికరం మాత్రం 1950ల దాకా సోవియట్ కేంద్రాల్లో వాడుకలో ఉంది. తర్వాత ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చినా పద్ధతి మారలేదు. హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నంలలో వాతావరణ శాఖ బెలూన్లకు కట్టి పంపేదీ రేడియోసోండే. ప్రపంచమంతా ఒకే వేళ లెక్కలు తీయాలి కాబట్టి, మన గడియారంలో ఉదయం, సాయంత్రం 5:30 దానికి ప్రామాణిక సమయాలు.