ఏఆర్ కళ్లజోడు పెట్టుకుంటే స్టాకు ఆడిట్ అయిపోతుందా? అపోహలు - వాస్తవాలు

గుంటూరులో మిర్చి వ్యాపారుల లెక్కలు ఆడిట్ చేస్తుంటాను. ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) గురించి క్లయింట్లూ, మా దగ్గర సీఏ శిక్షణలో ఉన్న ఆర్టికల్స్ పిల్లలూ ఈమధ్య తరచుగా అడుగుతున్నారు. కళ్లజోడులోనో ఫోన్ కెమెరాలోనో చూస్తే, ఎదుటి వస్తువు మీదే దాని వివరాలు కనపడతాయి కదా, అదన్నమాట.

అపోహ: ఇక స్టాకు లెక్కలో తప్పు రాదు.

వాస్తవం: కెమెరాకి కనపడేది ముందు వరస టిక్కీలే (మిర్చి బస్తాలు). వెనక ఎన్నున్నాయో పొడవూ ఎత్తూ లోతూ గుణించి అంచనా కడుతుంది. మధ్యలో ఖాళీ వదిలారో లేదో దానికి తెలియదు. 1963లో అమెరికాని కుదిపిన సలాడ్ ఆయిల్ కుంభకోణంలో న్యూజెర్సీ ట్యాంకుల నిండా నీళ్లు పోసి, పైన నూనె తేల్చారు. తనిఖీకి వచ్చినవాళ్లకి నూనే కనపడింది. ఆ సరుకు చూసి అప్పిచ్చినవాళ్లు మునిగిపోయారు.

లెక్క సరిపోయినా, ఆ టిక్కీలు ఎవరివి? కోల్డ్ స్టోరేజీలో రైతు దాచుకున్నవి, వ్యాపారి కొన్నవి, బ్యాంకు తాకట్టులో ఉన్నవి ఒకే గదిలో ఉండొచ్చు. లాట్ నంబరు చదివి కళ్లజోడు ఓ పేరు చూపిస్తుంది, సరే. ఆ పేరు స్టోరేజీ రిజిస్టర్లోంచి వచ్చిందే. అక్కడ తప్పుంటే ఇక్కడా అదే తప్పు. కొనుగోలు బిల్లు, స్టోరేజీ రసీదు, బ్యాంకు ఇచ్చే ధ్రువీకరణ, ఈ మూడూ కలిపి చూస్తేగానీ హక్కు తేలదు. ఇక విలువంటారా, తేజ రకం అని రాసిన టిక్కీలో తాలు (నాసిరకం కాయ) ఎంత కలిసిందో విప్పి చూడాల్సిందే.

అపోహ: ఆడిటర్ గోదాముకి వెళ్లక్కర్లేదు.

వాస్తవం: స్టాకు విలువ చెప్పుకోదగ్గదైతే, వీలుపడని పరిస్థితిలో తప్ప, లెక్కింపు దగ్గర ఆడిటర్ ఉండాలనే ఎస్‌ఏ 501 అనే ఆడిటింగ్ ప్రమాణం చెబుతోంది. కోవిడ్ రోజుల్లో వీడియోలో చూడాల్సి వచ్చింది. అప్పుడు కెమెరా క్లయింటు మనిషి చేతిలో ఉంటే, ఏ మూల చూడాలో కూడా అతనే తేల్చినట్టయ్యేది.

నా ఆశంతా ఇక్కడే. కొత్త ఆర్టికల్ కుర్రాడు కళ్లజోడుతో గోదాములో ఉంటే, అరండల్‌పేట ఆఫీసులోని సీనియర్ అతను చూసేదే చూస్తూ "ఆ చివరి వరస దింపించు బాబూ" అని చెప్పొచ్చు. ఘాటుకి కళ్లు మండుతుంటే ఒక చేత్తో ఫోనూ, ఇంకో చేత్తో రాతప్యాడూ పట్టుకుని లెక్కపెట్టే పిల్లలకి రెండు చేతులూ ఖాళీ అవడం చాలా పెద్ద మేలు.

అపోహ: దీనివల్ల అకౌంటెంట్ల ఉద్యోగాలు పోతాయి.

వాస్తవం: ఎంట్రీ పనిని తగ్గిస్తున్నవి వేరే ఉన్నాయి. 5 కోట్లు దాటిన టర్నోవరుకి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయడం) తప్పనిసరి. ఆ వివరాలు సప్లయరు రిటర్న్ ద్వారా, కొన్నవాళ్ల పన్ను క్రెడిట్ చూపే జీఎస్టీఆర్-2బీ స్టేట్‌మెంటులోకి వాటంతటవే వస్తున్నాయి. తేడా వచ్చినప్పుడు సప్లయరుకి ఫోన్ చేసి తేల్చేది మాత్రం మన అకౌంటెంటే.

అపోహ: రేపో మాపో ఈ కళ్లజోళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి.

వాస్తవం: 3,500 డాలర్ల హోలోలెన్స్ 2 అనే ఏఆర్ కళ్లజోడు తయారీని మైక్రోసాఫ్ట్ 2024లో ఆపేసింది. గూగుల్ 'గ్లాస్' అనే తన కళ్లజోడు అమ్మకాలు 2023లోనే మానేసింది. మన దగ్గర ఇది మొదలైతే ఫోన్‌తోనే.

అపోహ: అంతా రికార్డవుతుంది కాబట్టి మంచిదే.

వాస్తవం: బల్ల మీదున్న పక్క క్లయింటు ఫైలు కూడా రికార్డవుతుంది. అనుమతి లేకుండా క్లయింటు సమాచారం బయటపెడితే, 1949 నాటి సీఏ చట్టం రెండో షెడ్యూలు ప్రకారం అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. రికార్డింగ్ ఏ సర్వరుకి వెళ్తుందో, ఎప్పుడు చెరిపేస్తారో అమ్మేవాళ్లు కాగితం మీద రాసివ్వకపోతే కొనకండి.