‘లోకల్ బగ్గే కదా’ అనుకున్నది తొమ్మిదేళ్లు కెర్నెల్‌లోనే ఉండిపోయింది

2016 అక్టోబరు, దీపావళికి ఇంకో వారం ఉంది. గుంటూరు బ్రాడీపేటలో మేం నడిపే ట్రైనింగ్ ల్యాబ్‌లో ఒక కుర్రాడు "సార్, ఒకసారి ఇలా రండి" అని పిలిచాడు. స్క్రీన్ మీద ఒక ఫైలు ఉంది, రూట్ (సర్వర్ మీద సర్వాధికారాలున్న అకౌంటు) తప్ప ఇంకెవరూ అందులో రాయడానికి లేదు, మిగతావాళ్లు చదువుకోవచ్చు అంతే. వాడు నెట్‌లో దొరికిన చిన్న సి ప్రోగ్రాం కంపైల్ చేసి నడిపి, కాసేపాగి ఆ ఫైలు మళ్లీ తెరిస్తే మొదటి లైన్‌లో వాడి పేరుంది. పాస్‌వర్డ్ అడగలేదు, లాగ్స్‌లో ఒక్క ముక్క లేదు. అదే సర్వర్ మీద 60 మంది పిల్లల అకౌంట్లు, వాళ్ల ప్రాజెక్టులు ఉన్నాయి. నాకు చెమటలు పట్టాయి.

అదే డర్టీ కౌ, లైనక్స్ కెర్నెల్‌లో, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కోడ్‌లో ఉన్న లోపం. భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2016-5195. కౌ అంటే ఆవు కాదు, ‘కాపీ ఆన్ రైట్’కి పొట్టి పేరు.

అదేంటో చెప్తాను. రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు ఒరిజినల్ ఉంటుంది, అందరూ చూడొచ్చు. మీరు దాని మీద ఏదైనా రాసుకోవాలంటే గుమాస్తా జిరాక్స్ తీసి ఇస్తాడు, మీ రాతలన్నీ ఆ జిరాక్స్ మీదే. కెర్నెల్ కూడా మెమరీ విషయంలో ఇదే చేస్తుంది. డర్టీ కౌలో జరిగేది ఏంటంటే, ప్రోగ్రాంలో ఒక థ్రెడ్ (పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) "రాస్తాను" అంటూనే ఉంటుంది, ఇంకో థ్రెడ్ "ఈ జిరాక్స్ నాకొద్దు, పారేయండి" అంటూనే ఉంటుంది. వేలసార్లు ఇలా తొక్కిసలాడితే, ఎక్కడో ఒకసారి కాపీ తీయడం అయిపోయిందని కెర్నెల్ అనుకున్న క్షణానికి, పెన్ను కాగితం మీద పడే క్షణానికి మధ్యలో ఆ జిరాక్స్ మాయమైపోతుంది, రాత నేరుగా ఒరిజినల్ మీద పడుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది దీని చరిత్ర. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లోనే దీన్ని సరిచేయబోయాడు. ఆ మార్పు ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల కోసం రాసిన ఎస్390 కోడ్‌తో పేచీ పెట్టడంతో వెనక్కి తీసేశారు. 2007లో వచ్చిన 2.6.22 వెర్షన్ నుంచి దాడికి పనికొచ్చే రూపంలో అలాగే ఉండిపోయింది. అప్పట్లో ఈ రేస్ (థ్రెడ్ల మధ్య తొక్కిసలాట) కాగితం మీద లెక్కే, నిజంగా జరిగే పని కాదనుకున్నారు, తర్వాత కెర్నెల్ మెమరీ వ్యవస్థ పెద్ద మెషిన్లకు తగ్గట్టు మారుతూ వచ్చాక అదే సులువైపోయిందని 2016లో ఫిక్స్ పెడుతూ టోర్వాల్డ్సే రాశాడు. దీన్ని బయటపెట్టిన ఫిల్ ఓస్టర్‌కి అది కోడ్ చదువుతుంటే దొరకలేదు. తన సర్వర్‌కి వచ్చే హెచ్‌టీటీపీ ట్రాఫిక్‌ని రికార్డు చేసి పెట్టుకునే అలవాటు ఉండటంతో, దాడి చేసినవాళ్లు ఎక్కించిన ప్రోగ్రాం అందులో చిక్కింది. అంటే మనకు తెలిసేటప్పటికే ఎవరో వాడేస్తున్నారు!

ఇలాంటివాటిని లోకల్ బగ్ అంటారు. ఆ ‘లోకల్’ అన్న మాటే మనల్ని ముంచుతుంది. మన దగ్గర లోకల్ అంటే మనవాడు, భయం లేదు అని. ఇక్కడ లోకల్ అంటే ముందే లోపల ఉన్నవాడు అని అర్థం. ల్యాబ్‌లో ప్రతి స్టూడెంటూ లోకలే, ఒకే సర్వర్‌ని పలువురు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో పక్క వెబ్‌సైట్ వాడూ లోకలే. ఫోన్‌లో అయితే ప్రతి యాప్‌కీ లైనక్స్ కెర్నెల్ మీదే నడిచే ఆండ్రాయిడ్ ఒక యూజర్ ఐడీ ఇస్తుంది, కాబట్టి మీరు వేసుకున్న ప్రతి యాపూ లోకలే. 2017 సెప్టెంబరులో ట్రెండ్ మైక్రో బయటపెట్టిన జెడ్‌ఎన్‌ఐయూ అనే మాల్వేర్ (హానికర ప్రోగ్రాం) డర్టీ కౌనే వాడుకుని ఫోన్లలో రూట్ సంపాదించింది, బాధితులు ఎక్కువగా చైనాలో, మన దేశంలోనే. ఆండ్రాయిడ్‌కి ప్యాచ్ 2016 చివర్లోనే వచ్చింది. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్న చవక ఫోన్‌కి కంపెనీ అప్‌డేటే పంపకపోతే ఆ ప్యాచ్ ఎవరికి ఉపయోగం?

సర్వర్లలో ఇంకో చిక్కుంది. ఆ సాయంత్రమే అప్‌డేట్ కొట్టాం, ఇన్‌స్టాల్ అయిపోయిందని వచ్చింది, వెర్షన్ చూస్తే మాత్రం పాతదే. రీబూట్ చేసేదాకా నడిచేది పాత కెర్నెలే. "పరీక్షలు నడుస్తున్నాయి, తర్వాత చూద్దాం" అని ఎన్నిచోట్ల వదిలేసి ఉంటారో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఆ ఫిక్స్‌తోనూ అయిపోలేదు. పెద్ద పేజీల (మెమరీని పెద్ద ముక్కలుగా వాడే పద్ధతి) విషయంలో అదే ఫిక్స్‌లో లొసుగు ఉందని 2017 చివర్లో తేలింది. 2022 మార్చిలో డర్టీ పైప్ వచ్చింది, ఇదీ చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్లో రాయించేదే. దాన్ని కనిపెట్టిన మాక్స్ కెల్లర్‌మన్‌కి అది 2021లో కస్టమర్ ఇచ్చిన మామూలు కంప్లైంట్‌గా మొదలైంది, జీజిప్‌తో కుదించిన లాగ్ ఫైళ్లు పాడైపోతున్నాయని. పాడైన ఫైళ్లన్నిటిలో చివరి ఎనిమిది బైట్లు ఒకేలా ఉన్నాయి, అవి వేరే రకం ఫైళ్లైన జిప్ ఫైళ్ల హెడర్ తాలూకు బైట్లు. ఆ తీగ పట్టుకుని లాగితే కెర్నెల్‌లో పైప్ (ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి డేటా పంపే గొట్టం) బఫర్‌కి ఒక ఫ్లాగ్ (గుర్తు) సున్నా చేయకుండా వదిలేసిన కోడ్ బయటపడింది. అది 2016 నాటి 4.9 వెర్షన్‌లో దూరింది, 2020లో 5.8 వచ్చాక ప్రమాదమైంది.

ఈసారి మా పాత సర్వర్ 5.4 మీద ఉంది, దానికేం కాలేదు. కొత్తగా పెట్టిన 12 సిస్టమ్స్‌లో మాత్రం 5.13 ఉంది. పిల్లల్ని ముందే పంపేసి, ఒక్కోటి రీబూట్ చేసుకుంటూ, ప్రతి స్క్రీన్ మీదా వెర్షన్ చదువుకుంటూ, ల్యాబ్‌కి తాళం వేసేసరికి రాత్రి తొమ్మిదిన్నరైంది.