డప్పు తోలు, చెప్పు తోలు

డప్పు కొట్టేముందు దాన్ని మంట దగ్గర కాచడం చాలామంది చూసే ఉంటారు. చెప్పుల్ని మాత్రం ఎవరూ అలా కాచరు. రెండూ తోలే కదా, మరి ఒకదానికే ఈ మంట ఎందుకు?

చర్మంలో నీళ్లు పోగా మిగిలేదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీన్. దాని అణువు మూడు పోగులు కలిపి పేనిన తాడులా ఉంటుందని 1954లో మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పారు, అదీ పక్కనే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నుంచి తెచ్చుకున్న కంగారూ తోకలోని స్నాయువులను (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే నారల్ని) పరీక్షించి!

పచ్చి తోలు తడిగా ఉంటే బ్యాక్టీరియా ఆ పోగుల్ని తినేస్తుంది, కుళ్లిపోతుంది. ఎండబెడితే కుళ్లదు, కానీ బిరుసెక్కుతుంది, మళ్లీ తడి తగిలితే మెత్తబడుతుంది. డప్పుకు బిగించేది ఇలా ఎండిన పచ్చి తోలే. గాలిలో తేమ పీల్చి వదులవుతుంది, మంట ఆ తేమను లాగేస్తే బిగుసుకుని ఖంగున మోగుతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మలకు వాడే మేకతోలు కూడా చెప్పుల తోలులా పదును చేసింది కాదు. వెంట్రుకలు తీసి, పల్చగా గీకి ఆరబెడతారు, అందుకే వెలుతురు దాంట్లోంచి దూసుకొచ్చి రంగులు తెరమీద అంత బాగా పడతాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది.

చెప్పుల తోలుకు ఇంకో పని జరుగుతుంది. తంగేడు చెక్కలో (బెరడులో), కరక్కాయలో ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు కొల్లాజెన్ పోగుల మధ్యకు దూరి, నీళ్లున్న చోటు ఆక్రమించి, పోగుల్ని ఒకదానికొకటి కట్టేస్తాయి. ఆ తర్వాత తడిసినా తోలు అంత తేలిగ్గా కుళ్లదు. దీనికి వారాలు పడుతుంది. ఏ పుస్తకమూ చూడకుండా ఈ కెమిస్ట్రీని లందల్లో, అంటే తోళ్లు నానబెట్టే తొట్లలో, తరతరాలు నడిపింది మాదిగలు. వాళ్లు కుట్టిన చెప్పులేసుకుని, వాళ్లనే ఊరి బయట ఉంచారు, ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది?

ఇప్పుడు లోకంలో ఎక్కువ తోలును క్రోమియం లవణాలతోనే పదును చేస్తున్నారు. ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, తోలు లేత నీలంగా మారుతుంది. పచ్చి తోలు సుమారు 60-65 డిగ్రీల వేడినీళ్లకే ముడుచుకుపోతే, బాగా క్రోమియం పట్టిన తోలు మరిగే నీళ్లను కూడా తట్టుకుంటుంది. చిక్కల్లా తోలుకు పట్టకుండా మిగిలిన క్రోమియంతోనే, శుద్ధి చేయకుండా వదిలితే అది నేరుగా చెరువుల్లోకి, నేలలోకి పోతుంది. తంగేడు చెక్కతో ఈ క్రోమియం గొడవ లేదు, కానీ అలా చేసిన తోలు మరిగే నీళ్లకు ఆగదు, వారాల తరబడి కాచుకునే ఓపిక పెద్ద ఫ్యాక్టరీలకు అంతకన్నా లేదు.