తాళం చెవి కన్నా ముందే తెరుచుకున్న అప్పు ఖాతా: టిడ్కో రుణాల నేపథ్యం

పట్టణ పేదలకు ఫ్లాట్లు కట్టే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ టిడ్కో ఇళ్ల అప్పుల వసూలు కర్నూలులో మళ్లీ చర్చకు వచ్చింది. జగన్నాథగట్టు మీద ఫ్లాటు మంజూరైనా అందులో కాపురం పెట్టలేకపోయిన కుటుంబాలకు బ్యాంకుల నుంచి నోటీసులు అందడం, పొదుపు ఖాతాలో పడిన సొమ్ము ఇంటి అప్పు కంతు కింద జమైపోవడం కొన్నేళ్లుగా వింటున్న ఫిర్యాదులే. ఈ మాట లేచిన ప్రతిసారీ వాదన తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీల మధ్యకు వెళ్లిపోతుంది. ఎవరి హయాంలో ఎన్ని గోడలు లేచాయి, ఎవరి హయాంలో పనులు ఆగాయి అన్న లెక్కతోనే అది ముగుస్తుంది. ఆ లెక్క తేలవలసిందే. కానీ ఇల్లు చేతికి రాకముందే ఇంటి అప్పు ఎలా మొదలైందన్న ప్రశ్నకు జవాబు అందులో దొరకదు. ఆ జవాబు పథకానికి డబ్బు సమకూర్చిన తీరులో ఉంది.

పట్టణ పేదల సొంతింటి కోసం కేంద్రం 2015 జూన్ 25న మొదలుపెట్టిన పథకం ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం. అందులో భాగస్వామ్య గృహనిర్మాణ విభాగం కింద కేంద్రం ఇంటికి 1.5 లక్షల రూపాయలిచ్చింది, రాష్ట్రం మరో 1.5 లక్షలు కలిపింది. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లను నేల అంతస్తు, దానిపై మూడంతస్తులుగా కట్టే బాధ్యత ఏపీ టిడ్కోకు అప్పగించారు. మిగిలిన ఖర్చును లబ్ధిదారు భరించాలి. తొలి లెక్క ప్రకారం 300 అడుగుల ఇంటికి 500 రూపాయలు కట్టి 2.65 లక్షల అప్పు తీసుకోవాలి. 365 అడుగులకు లబ్ధిదారు ముందుగా కట్టే 50 వేల డీడీ (బ్యాంకు డిమాండ్ డ్రాఫ్టు), 3.15 లక్షల అప్పు. 430 అడుగులకు లక్ష రూపాయల డీడీ, 3.65 లక్షల అప్పు. వడ్డీ 8.5 శాతం అనుకుంటే, ఇరవై ఏళ్లకు 3.65 లక్షల అప్పు మీద నెలకు సుమారు 3,170 రూపాయల కంతు పడుతుంది. గడువు ముగిసేసరికి కట్టిన మొత్తం ఏడున్నర లక్షలు దాటుతుంది.

లబ్ధిదారు అయిన ఇల్లాలు సంతకం చేసిన ఈ అప్పు సొమ్ము ఆమె చేతికి రాదు. నిర్మాణ ఖర్చు కింద టిడ్కోకు చేరుతుంది. అంటే ప్రభుత్వ సంస్థ చేపట్టిన నిర్మాణానికి పెట్టుబడి పేదరాలి పేరున పుట్టింది, బాకీ మాత్రం ఆమె ఖాతాలో మిగిలింది. నిర్మాణం ఆలస్యమైతే ఆ నష్టం ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే నిర్ణయమైపోయింది. ఆ తర్వాత వచ్చిన వివాదాలన్నిటికీ మూలం ఇదేనని ఈ వ్యాస రచయిత అభిప్రాయం.

ఇది అర్థం కావాలంటే పథకం కన్నా రెండేళ్లు వెనక్కి, 2013 సెప్టెంబరుకు వెళ్లాలి. అప్పట్లో కొన్ని బ్యాంకులు కొనుగోలుదారుల పేరున రుణం మొత్తాన్ని ముందే ప్రైవేటు బిల్డర్లకు ఇచ్చేస్తున్నాయని, కట్టడం సమయానికి పూర్తికాకపోతే కొనుగోలుదారులు చిక్కుల్లో పడతారని రిజర్వు బ్యాంకు గుర్తించింది. ఇంటి రుణాన్ని నిర్మాణ దశలను బట్టే విడుదల చేయాలని, పూర్తికాని ప్రాజెక్టులకు ముందుగా మొత్తం ఇవ్వరాదని బ్యాంకులను ఆదేశించింది. ఈ నిబంధనకు ఒక మినహాయింపు ఉంది. ప్రభుత్వం లేదా చట్టబద్ధ సంస్థలు చేపట్టిన ప్రాజెక్టుల విషయంలో, ఆ సంస్థలు నిర్ణయించిన చెల్లింపు దశల ప్రకారం, అవి నిర్మాణ దశలతో ముడిపడి లేకపోయినా, బ్యాంకులు సొమ్ము విడుదల చేయవచ్చు. అయితే గతంలో ప్రాజెక్టులను అసంపూర్తిగా వదిలేసిన చరిత్ర ఆ సంస్థకు ఉండకూడదు. ప్రైవేటు బిల్డరు దగ్గర ఇల్లు కొనే మధ్యతరగతి మనిషికి దొరికిన రక్షణ, ప్రభుత్వ ఇంటి కోసం దరఖాస్తు పెట్టిన కూలి కుటుంబానికి దక్కకపోవడానికి దారి ఇక్కడే తెరుచుకుంది. ప్రభుత్వం ఇల్లు కట్టి తీరుతుందన్న నమ్మకం మీద ఆ మినహాయింపు నిలిచింది.

రెండో తేడా కేంద్ర పథకంలోనే ఉంది. ఆవాస్ యోజనలో వడ్డీ రాయితీకి వేరే విభాగం ఉండేది. బలహీన, అల్పాదాయ వర్గాల వారు బ్యాంకు అప్పుతో సొంతంగా ఇల్లు కొనుక్కుంటే 6 లక్షల వరకు రుణంపై 6.5 శాతం వడ్డీ రాయితీ, అంటే గరిష్ఠంగా 2.67 లక్షల రూపాయలు, ముందుగానే అప్పు ఖాతాకు జమయ్యేది. 2017 తర్వాత కొన్నేళ్లపాటు ఏడాదికి 18 లక్షల ఆదాయమున్న కుటుంబానికి కూడా 2.30 లక్షల వరకు ఈ రాయితీ దక్కింది. ఒక కుటుంబానికి ఒకే విభాగం కింద సాయం అన్న నిబంధన వల్ల టిడ్కో లబ్ధిదారులు ఆ వైపు వెళ్లలేకపోయారు. జీతం రాళ్లు స్థిరంగా అందుకునే వారికి వడ్డీ తగ్గింది, దినసరి కూలీ మీద బతికేవారు మాత్రం పూర్తి వడ్డీ కట్టాలి.

2019లో తెలుగుదేశం స్థానంలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. తొలి దశలోనే ఉన్న కొన్ని ఇళ్లు రద్దయ్యాయి, తక్కువ ధర కోసం మళ్లీ పిలిచే రివర్స్ టెండర్లు జరిగాయి, మొత్తం సంఖ్య 2,62,216 దగ్గర ఆగింది. 2020 చివర్లో 300 అడుగుల ఇళ్లను, అంటే 1,43,600 ఫ్లాట్లను, రూపాయికే ఇస్తామని ప్రకటించారు. మిగతా రెండు రకాలకు డీడీ సొమ్మును సగానికి తగ్గించారు. పేదల మీద భారం తగ్గించామని ఆ ప్రభుత్వం చెప్పుకుంది. 300 అడుగుల వారి వరకు అది నిజమే, చిన్న ఉపశమనమూ కాదు. 365 అడుగుల 44,304 ఇళ్లకు, 430 అడుగుల 74,312 ఇళ్లకు మాత్రం అప్పు యథాతథంగా మిగిలింది. నగలు కుదువపెట్టి డీడీ కట్టి, కొంచెం పెద్ద గది కోరుకున్నవారే చివరకు బ్యాంకుకు బాకీపడ్డారు. తమ హయాంలోనే చాలావరకు పూర్తయిన ఇళ్లను ఐదేళ్లు పాడుపెట్టారని తెలుగుదేశం ఆరోపిస్తుంది. 2014–19లోనూ, 2024 తర్వాతా పురపాలక శాఖ చూస్తున్న మంత్రి పొంగూరు నారాయణే కావడం వల్ల, పథకం మొదట్లో రాసుకున్న రుణ షరతుల గురించీ ఇప్పుడు ఆయననే అడగవలసి వస్తుంది.

జగన్నాథగట్టు ఊరికి దూరంగా, ట్రిపుల్ ఐటీ ఉన్న వైపు రాతి గుట్ట మీది స్థలం. అక్కడ గోడలు లేపడంతో పని తీరదు. నీళ్లు పైకెక్కించాలి, మురుగు కాలువలు, రోడ్లు, కరెంటు రావాలి. బయటి నుంచి చూస్తే రంగులేసిన భవనం పూర్తయినట్టే ఉంటుంది గానీ, కాపురానికి పనికిరాదు. అప్పు ఖాతాలో మాత్రం ఈ తేడా కనిపించదు. కంతు కట్టనక్కరలేని మొదటి విరామ గడువు ముగియగానే వడ్డీ, అసలు కలిసి కంతు మొదలవుతుంది. 90 రోజులు కట్టకపోతే మొండి బాకీగా మారుతుంది. ఆవాస్ యోజన నిబంధన ఇల్లు ఇల్లాలి పేరున లేదా ఉమ్మడిగా ఉండాలంటుంది కనుక బాకీ కూడా ఆమె పేరునే పడింది. పొదుపు సంఘం ద్వారా మరో రుణానికి వెళ్లినప్పుడు ఈ పాత బాకీ ఎదురై ఆగిపోతుంది. ఒకవైపు ఉంటున్న ఇంటికి అద్దె, మరోవైపు లేని ఇంటికి కంతు.

బ్యాంకుల వాదనలో పొల్లు లేదు. లబ్ధిదారు సంతకం మీద అప్పిచ్చామని, సొమ్మును చెప్పిన చోటికే పంపామని, 90 రోజుల నిబంధనను తాము మార్చలేమని అవి అంటాయి. ఆ మాట నిజమైనంత మాత్రాన, హామీగా పెట్టుకున్న ఇల్లు ఇంకా లబ్ధిదారుకు అందలేదన్న సంగతి అబద్ధం కాదు.

2024 సెప్టెంబరులో మొదలైన ఆవాస్ యోజన రెండో విడతలో 25 లక్షల వరకు రుణాల్లో మొదటి 8 లక్షలపై 4 శాతం రాయితీ ఉంది. గరిష్ఠంగా 1.80 లక్షలు ఐదు వార్షిక వాయిదాల్లో వస్తుంది. టిడ్కో లబ్ధిదారులకు అది వర్తించే దారి లేదు. గత ఇరవై ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకం కింద సాయం పొందినవారు అనర్హులని నిబంధన. ఇల్లు అందినా అందకపోయినా రికార్డుల్లో వారు సాయం పొందినవారే. ఇదే కారణంతో 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలోనూ టిడ్కో జాబితాలో ఉన్న కుటుంబాలకు చోటు దొరకలేదు.

కాబట్టి ఇప్పుడు తేలవలసింది ఎన్ని ఇళ్లు ఎప్పటికి పూర్తవుతాయన్నది ఒక్కటే కాదు. రుణం విడుదలైన తేదీకీ తాళం చెవి ఇచ్చిన తేదీకీ మధ్య పేరుకున్న వడ్డీని టిడ్కో భరిస్తుందా, రాష్ట్రం భరిస్తుందా, లేక లబ్ధిదారే కట్టాలా అన్నది స్పష్టంగా రాతపూర్వక ఉత్తర్వుగా రావాలి. పొదుపు ఖాతాల నుంచి ఇప్పటికే మినహాయించిన కంతుల సంగతీ, మొండి బాకీదారుగా నమోదైన పేర్లను సరిచేసే సంగతీ ఆ ఉత్తర్వులోనే ఉండాలి.