కాళ్లు ముందు, నడక తరువాత: జెన్నీ క్లాక్ పరిశోధన

చేప నేలమీదికి ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు చాలాకాలం పాటు పాఠ్యపుస్తకాల్లో ఒకటే జవాబు ఉండేది. మడుగులు ఎండిపోతుంటే కొన్ని చేపలు వాజాల మీద పాకుతూ మరో నీటి పట్టు వెతుక్కున్నాయి, అలా పాకగా పాకగా తరాల తరబడి ఆ వాజాలే కాళ్లయ్యాయి అని. వింటే ఎంతో సబబుగా అనిపించే ఈ కథను తలకిందులు చేసిన శాస్త్రవేత్త బ్రిటన్‌కు చెందిన జెన్నీ క్లాక్.

1947లో పుట్టిన క్లాక్ నేరుగా పరిశోధనలోకి రాలేదు. న్యూకాసిల్‌లో జంతుశాస్త్రం చదివాక కొన్నేళ్లు బర్మింగ్‌హామ్ మ్యూజియంలో పనిచేశారు. 1981లో కేంబ్రిడ్జ్ జంతుశాస్త్ర మ్యూజియంలో చేరారు. పీహెచ్‌డీ పూర్తయింది ఆ తరువాతే, 1984లో. మ్యూజియం ఉద్యోగం ఆమెకు నేర్పిన అలవాటు ఒకటుంది: ఎవరో ఎప్పుడో తెచ్చి, పేరు రాసి పక్కన పెట్టేసిన రాయిని మళ్లీ తీసి చూడటం. ఆమె సాధించిన పెద్ద ఫలితాలు చాలావరకు అక్కడి నుంచే మొదలయ్యాయని నా అభిప్రాయం.

కేంబ్రిడ్జ్‌లోనే భూగర్భశాస్త్ర విభాగంలో ఒక పాత నోటుబుక్ ఆమె కంటపడింది. 1970లో తూర్పు గ్రీన్‌లాండ్ వెళ్లిన ఒక విద్యార్థిది అది. ఫలానా కొండవాలులో ఇక్తియోస్టెగా అనే తొలినాటి నాలుగు కాళ్ల జీవి పుర్రె ఎముకలు విరివిగా ఉన్నాయని అందులో రాసుంది. అతను తెచ్చిన రాళ్లు అదే భవనంలో ఉన్నాయి. తీరా చూస్తే అవి ఇక్తియోస్టెగావి కావు, అదే కాలపు మరో జీవి అకాంతోస్టెగావి. స్వీడన్ శాస్త్రవేత్త యార్విక్ 1952లో ఆ పేరు పెట్టిన నాటి నుంచి ఆ జీవి గురించి పుర్రె ముక్కలు తప్ప మరేమీ తెలియదు. 1987లో క్లాక్ బృందం ఆ కొండకే వెళ్లి, సుమారు 36.5 కోట్ల ఏళ్ల నాటి అస్థిపంజరాలను వెలికితీసింది.

అసలు శ్రమ తిరిగొచ్చాకే. గట్టి రాతిలోంచి ఎముకలను కొద్దికొద్దిగా విడిపించుకుంటూ పోతే ముందుకాలు బయటపడింది. దానికి వేళ్లు ఐదు కావు, ఎనిమిది! 1990లో మైకేల్ కోట్స్‌తో కలిసి క్లాక్ ఈ సంగతి ప్రకటించారు. ఇక్తియోస్టెగా వెనక కాలికి కూడా ఏడు వేళ్లున్నాయని అదే పత్రం చూపించింది. వెన్నెముక ఉన్న నేలజీవులన్నిటికీ మూలరూపం ఐదు వేళ్లేనన్న నమ్మకం అక్కడితో పోయింది. పిండంలో వేళ్లు ఏర్పడే తీరును జన్యువుల వైపు నుంచి వెతుకుతున్నవారికి కూడా ఇది కొత్త ఆధారమైంది.

వేళ్ల సంఖ్య కన్నా ఆ కాలి తీరే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది. మణికట్టు సరిగా గట్టిపడలేదు, కాలు ఒంటి బరువును మోయలేదు. తోకకు వెడల్పాటి వాజం ఉంది. చేపల్లాగే లోపలి మొప్పలున్న ఆనవాళ్లున్నాయి. అంటే ఇది నీళ్లలోనే బతికిన జీవి. కలుపు మొక్కలు అల్లుకున్న లోతులేని నీళ్లలో తోసుకుంటూ కదలడానికి ఈ కాళ్లు పనికొచ్చి ఉంటాయి. నేలమీద నడవడం వాటికి ఆ తరువాత దక్కిన పని. చెవి ఎముక చెప్పిందీ దాదాపు ఇదే. స్టేపిస్ అనే ఆ ఎముక మనలో అతి చిన్నది. అకాంతోస్టెగాలో మాత్రం అది పొట్టిగా, మందంగా ఉంది. గాలిలోని శబ్దాన్ని పట్టుకునే అమరిక అప్పటికింకా లేదన్నమాట.

ఆ తరువాత ఆమె దృష్టి మరో చిక్కు మీదికి మళ్లింది. సుమారు 36 కోట్ల ఏళ్ల కిందట డెవోనియన్ యుగం ముగిశాక దాదాపు ఒకటిన్నర కోట్ల ఏళ్ల పాటు నాలుగు కాళ్ల జీవుల శిలాజాలు కనిపించడమే అరుదు. దీన్ని అమెరికా శాస్త్రవేత్త రోమర్ పేరు మీద రోమర్ ఖాళీ అంటారు. 1971లో స్కాట్లాండ్‌లో దొరికి, చేప అన్న పేరుతో గ్లాస్గోలోని మ్యూజియంలో ఉండిపోయిన ఒక శిలాజం నిజానికి ఈ కాలపు నాలుగు కాళ్ల జీవి అని తేలింది. 2002లో క్లాక్ దానికి పెడెర్పెస్ అని పేరుపెట్టారు. దాని పాదం వెనక్కో పక్కకో కాక ముందుకు తిరిగి ఉంది, అంటే నడకకు అనువుగా మారుతోంది.

2009లో ఆమె రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 2020లో కన్నుమూసే వరకూ ఈ ఖాళీని వదల్లేదు. 2016లో ఆమె బృందం స్కాట్లాండ్ రాళ్లలోంచి మరో ఐదు కొత్త జీవులను వివరించింది. అప్పట్లో గాలిలో ఆక్సిజన్ తగ్గడం వల్లే జీవులు కరువయ్యాయన్న వాదన ఒకటుండేది. అదే రాళ్లలో దొరికిన బొగ్గు ముక్కలు, మంటలు అంటుకోవడానికి చాలినంత ఆక్సిజన్ ఆనాడూ ఉందని చూపించాయి. ఖాళీగా ఉన్నది ఆనాటి నేల కాదు, మన సేకరణే.