మెమో రాగానే "మన్నించండి" అని రాసిచ్చేయకండి: యూనివర్సిటీ టీచర్లు, రాజకీయాలు - అపోహలు, వాస్తవాలు

గత నెల ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, పక్కన భార్య. టీచింగ్ పోస్టులు ఏళ్ళ తరబడి నింపకపోవడం మీద ప్రభుత్వాన్ని విమర్శిస్తూ ఫేస్‌బుక్‌లో నాలుగు లైన్లు రాశారట. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మెమో వచ్చింది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని. "ఇచ్చారా?" అన్నాను. "ఆ రోజు సాయంత్రమే ఇచ్చేశాను సార్" అన్నారు, ఆలస్యం చేయనందుకు నేను మెచ్చుకుంటానేమో అన్నట్టు. కాపీ తీసి చూశాను. "నా ప్రవర్తన నిబంధనలకు విరుద్ధమని గ్రహించాను, ఇకపై ఇలాంటివి జరగవు, పెద్ద మనసుతో మన్నించగలరు." కింద సంతకం, పక్కన ఇన్‌వార్డ్ స్టాంపు.

ఫోల్డర్లో ఇంకో కాగితం ఉంది, తర్వాత వచ్చిన చార్జిమెమో, అంటే ఆరోపణలు రాసిచ్చే నోటీసు. దానికి జతచేసిన పత్రాల జాబితాలో మొదటిది పోస్టు స్క్రీన్‌షాట్. రెండోది ఈయన ఉత్తరమే.

ఇరవై ఏళ్ళుగా లాయర్‌గా సర్వీసు కేసులు, అంటే ఉద్యోగ వివాదాలు చూస్తున్నాను, ఇలాంటి ఉత్తరాలు ఎన్ని చదివానో. అందుకే ఈ పోస్టు.

అపోహ: "మనమూ గవర్నమెంటు ఉద్యోగులమే. రాజకీయం మాట్లాడితే ఉద్యోగం పోతుంది. దొరికితే కాళ్ళబేరానికి రావడమే."

మొదటి మాటే తప్పు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్ ప్రభుత్వ ఉద్యోగి, ఆయనకు కాండక్ట్ రూల్స్, అంటే ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు, నేరుగా వర్తిస్తాయి. యూనివర్సిటీ టీచర్ అలా కాదు, ఆయన యజమాని యూనివర్సిటీ. జీతం డబ్బు సర్కారుదే అయినా సర్వీసు షరతులు ఆ యూనివర్సిటీ చట్టం, దాని కింద చేసుకున్న నిబంధనలు (స్టాట్యూట్లు), పాలకమండలి తీర్మానాల నుంచి వస్తాయి. కాబట్టి మెమోలో "కాండక్ట్ రూల్స్ ఉల్లంఘించారు" అని ఉంటే ముందు అడగాల్సింది: ఏ రూల్స్, వాటిని మన యూనివర్సిటీ ఏ తీర్మానంతో స్వీకరించింది, కాపీ ఇవ్వండి. స్వీకరించి ఉండొచ్చు కూడా, అప్పుడు లెక్క మారుతుంది. 2018లో సెంట్రల్ యూనివర్సిటీల్లో సీసీఎస్ రూల్స్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కాండక్ట్ రూల్స్) మీద పెద్ద గొడవ జరిగింది దీని గురించే. అందులో 5వ రూలు పార్టీల్లో ఉండకూడదంటుంది, 9వ రూలు ప్రభుత్వ విధానాన్ని విమర్శించకూడదంటుంది. అప్పట్లో అంత వ్యతిరేకత వచ్చాక, టీచర్ల భావప్రకటన మీద ఆంక్షలు పెట్టే ఉద్దేశం లేదని కేంద్రమంత్రే వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

ఇక మన దగ్గర చరిత్ర చూడండి. కోదండరాం గారు 2009 డిసెంబర్‌లో తెలంగాణ జేఏసీకి సారథ్యం తీసుకునేటప్పటికి ఉస్మానియాలో పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్. రిటైరయింది 2015లో. ఉద్యమమంతా ఆ మధ్యలోనే. నాగేశ్వర్ గారు ఉస్మానియా జర్నలిజం ప్రొఫెసర్‌గా ఉండగానే 2007లో, 2009లో పట్టభద్రుల స్థానం నుంచి ఇండిపెండెంట్‌గా ఎమ్మెల్సీ అయ్యారు. అంతదాకా ఎందుకు, శాసనమండలిలో పన్నెండో వంతు సభ్యుల్ని టీచర్లే ఎన్నుకోవాలని రాజ్యాంగం 171వ అధికరణంలో రాసుకుంది. ఓట్లడగడానికి మీ స్టాఫ్ రూముకు క్యాండిడేట్లు వస్తారు, టీ తాగుతారు, మీరేమో రాజకీయం మాట్లాడితే నేరమనుకుంటారు.

పూర్తిస్థాయి ప్రభుత్వ ఉద్యోగి నోటికి కూడా కోర్టులు తాళం వేయలేదు. ప్రదర్శనలు మొత్తంగా నిషేధించిన బీహార్ రూలును 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ఆ మేరకు కొట్టేసింది. 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు, రిటైర్మెంటు ముంగిట సస్పెండైన ఒక ఉద్యోగిని కేసులో, సభకు వెళ్ళి వినడం వేరు, రాజకీయాల్లో పాల్గొనడం వేరు అని తేల్చింది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మెమో శిక్ష కాదు. అది ఒక ప్రశ్న. ఉద్యోగం తీసేయాలంటే చార్జిమెమో ఇవ్వాలి, మీ జవాబు తీసుకోవాలి, ఎంక్వైరీ ఆఫీసర్‌ను వేయాలి, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశమివ్వాలి. నిర్ణయానికి ముందు ఎంక్వైరీ రిపోర్టు కాపీ మీ చేతికివ్వాలి, ఇది 1993లో మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాట. ఇన్ని మెట్లున్నాయి. వాటన్నిటినీ మీ చేత్తో మీరే ఒక్క ఉత్తరంతో కొట్టేస్తున్నారు, ఎందుకంటే తప్పు ఒప్పుకున్నాక ఎంక్వైరీ ఆఫీసరుకు రుజువు చేయాల్సిందేమీ మిగలదు.

"మరి ఏం రాయాలి సార్?" ముందు టైము అడగండి. పోస్టు పూర్తి కాపీ, ఫిర్యాదు కాపీ అడగండి. ఏ నిబంధన కింద అడుగుతున్నారో చెప్పమనండి. పోస్టు మీదైతే మీదే అని రాయండి, అబద్ధమాడొద్దు. "రాశాను" అనడం వేరు, "తప్పు చేశాను" అనడం వేరు, తేడా అంతా ఇక్కడే ఉంది. హెచ్‌వోడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారు నోటిమాటగా "ఒక సారీ లెటర్ పడేయవయ్యా, నేను చూసుకుంటా" అంటారు. మంచి మనసుతోనే అంటారు. ఆయన బదులు ఇంకొకరు ఆ కుర్చీలోకి వచ్చాక ఫైల్లో ఉండేది మీ సంతకమే, ఆయన మాట కాదు.

భయపడేవాళ్ళను నేను తప్పుపట్టను. హోమ్‌లోన్ ఉంటుంది, కేరియర్ అడ్వాన్స్‌మెంట్ ప్రమోషన్ ఫైలు నడుస్తుంటుంది, ఇంట్లో నాన్నగారు "నీకెందుకురా ఈ రాతలు" అంటారు. మా నాన్న కూడా ఎయిడెడ్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. ఎమర్జెన్సీలో ఒకాయన క్లాసులోకొచ్చి వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకునేవాడట. నాన్న బోర్డు మీద డిమాండ్ కర్వ్ మాత్రమే గీసి వచ్చేసేవారు. ఆ నెల రోజులూ బీపీ పెరిగిందని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. భయం నాకు తెలుసు. భయంతో సంతకం పెట్టొద్దంటున్నాను, అంతే.

మిగతావి గబగబా.

"పోస్టు డిలీట్ చేస్తే అయిపోతుంది." మీకు మెమో వచ్చిందంటే స్క్రీన్‌షాట్ అప్పటికే ఫైల్లో ఉంది. డిలీట్ చేస్తే పోయేది కింద కామెంట్లలో మీరిచ్చిన వివరణే.

"వాట్సాప్ గ్రూపు ప్రైవేటు." రెండొందల మంది ఉన్న గ్రూపా?

"బయోలో 'ఇవి వ్యక్తిగత అభిప్రాయాలు' అని పెట్టుకున్నాను." పెట్టుకోండి, నష్టం లేదు. కవచం కూడా కాదు.

"అకడమిక్ ఫ్రీడమ్ రాజ్యాంగంలో ఉంది, నన్నేం చేయలేరు." ఇది రెండో చివర నుంచి వచ్చే అపోహ, ధైర్యవంతుల్ని ముంచేది. ఆ మాట రాజ్యాంగంలో లేదు. ఉన్నది భావప్రకటన హక్కునిచ్చే 19(1)(ఎ), దాని వెనకే 19(2) పరిమితులు. క్లాసులో పాఠంలో భాగంగా బడ్జెట్‌ను చీల్చి చెండాడితే సమర్థించుకోవచ్చు. అదే క్లాసులో ఫలానా గుర్తుకు ఓటేయమంటే నేను కూడా కాపాడలేను.

"డిపార్ట్‌మెంట్ ఎంక్వైరీ గెలిస్తే చాలు." పోలీసు కేసు వేరే దారి. అరెస్టయి 48 గంటలు దాటితే సీసీఏ రూల్స్ (ఉద్యోగుల మీద క్రమశిక్షణ చర్యల నియమాలు) ఉన్నచోట సస్పెన్షన్ దానంతటదే వచ్చేస్తుంది. 2025 మేలో అశోకా యూనివర్సిటీ ప్రొఫెసర్ అలీ ఖాన్ మహ్మూదాబాద్‌ను ఫేస్‌బుక్ పోస్టుల మీద 18న అరెస్టు చేశారు, 21న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. అమలాపురం నుంచి ఢిల్లీ వెళ్ళి కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన సాయిబాబా గారిది ఇంకా కఠినమైన కేసు, మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఆరోపణ. కాలేజీ 2021లో ఉద్యోగం తీసేసింది, హైకోర్టు 2024 మార్చిలో నిర్దోషి అంది, అక్టోబర్‌లో నిమ్స్‌లో చనిపోయారు. ఉద్యోగం తిరిగి రాలేదు. ఎఫ్‌ఐఆర్ ఉంటే ముందు క్రిమినల్ లాయర్ దగ్గరకు వెళ్ళండి, తర్వాత నా దగ్గరకు.

"సస్పెండ్ చేస్తే ఏళ్ళ తరబడి అంతే." సస్పెన్షన్ శిక్ష కాదు, ఆ కాలంలో జీవనభృతి, అంటే జీతంలో కొంత భాగం, ఇవ్వాలి. చార్జిమెమో ఇవ్వకుండా మూడు నెలలు దాటించకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తేదీ రాసిపెట్టుకోండి.

నేను పైన చెప్పిందంతా రెగ్యులర్ వాళ్ళకే. గెస్ట్, కాంట్రాక్ట్ వాళ్ళకు చార్జిమెమో ఎవరూ ఇవ్వరు. జూన్‌లో రెన్యువల్ ఆర్డరు రాదు, ఎందుకు రాలేదో కాగితం మీద ఉండదు. పోయినవారం ఒకమ్మాయి ఫోన్ చేసి అడిగింది, "నేను లైక్ మాత్రమే కొట్టాను సార్, దానికేనా?" అని. ఆర్డర్లు, టైమ్‌టేబుళ్ళు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒకచోట పెట్టుకుని రమ్మన్నాను. చూస్తాను.